కొట్టేసిన లైను

పొద్దున్నే అన్నం వార్చి, భర్తకీ తనకీ క్యారేజీలు కట్టి, దయామణి రెండు ఇడ్లీలు పెట్టుకుని కూర్చోబోతుంటే, అత్తగారు ఎలీసబెతు అటక మీది పాత స్టీలు కంచం, గ్లాసు తీసుకొచ్చి విడిగా పెట్టింది.

"ఇకనుంచీ నువ్వు వీటిలో తిను దయా. మీ ఆఫీసు దగ్గర స్వైన్ ఫ్లూ అంటున్నారుగా."

"పడక కూడా హాల్లో వేసుకో కొన్నాళ్ళు," అన్నాడు భర్త శామ్యూల్ రాజ్, పేపర్లోంచి తలెత్తకుండా.

తాను తాకిన కంచం వీళ్ళకి పనికిరాదు. తాను కడిగిన బియ్యం, తాను తరిగిన బెండకాయలు మాత్రం పనికొస్తాయి. ఆ మాట నోటిదాకా వచ్చింది. బస్సు తప్పిపోతుందని ఊరుకుంది.

బందరు శివార్లలో యూనివర్సిటీ పీజీ సెంటర్లో ఆమె జూనియర్ అసిస్టెంటు. ఆ ఆగస్టులో సెంటర్ వాళ్ళు ఫ్లూ కమిటీ వేశారు. ఆరుగురూ మగవాళ్ళే. జ్వరాలు మొదలైందేమో లేడీస్ హాస్టల్లో. వాళ్ళు కూర్చుని మాట్లాడతారు, దయామణి టీలు అందించి మినిట్స్ రాస్తుంది. నందివాడలోనో చల్లపల్లిలోనో ఉన్న తల్లిదండ్రులకి ఫోన్లు చేసి ధైర్యం చెప్పడం, మందుల షాపులన్నీ తిరిగి మాస్కులు తేవడం, రోజూ నోటీసు రాసి గోడలకి అంటించడం, అన్నీ ఆమె పనే. కమిటీ రిపోర్టులో మాత్రం ఆమె పేరు ఎక్కడా లేదు.

బుధవారం ముగ్గురమ్మాయిలకి జ్వరం ఎక్కువై, గొంతులోంచి శాంపిల్స్ తీసి హైదరాబాదు పంపారు. దయామణి ఆ సంగతే నోటీసులో రాసింది. ఇంట్లో గర్భిణులు, పసిపిల్లలు ఉన్నవాళ్ళు ఫలితం వచ్చేదాకా జాగ్రత్తగా ఉండాలని కలిపింది. డైరెక్టర్ పూర్ణచంద్రరావు గారు ఎర్ర పెన్నుతో ఆ లైన్లు కొట్టేశారు.

"అడ్మిషన్లు జరుగుతున్నాయి మేడమ్. ఇలా రాస్తే ఎవరు చేరతారు? వదంతులు నమ్మవద్దని పెట్టండి. ఆలోచించడానికి కమిటీ ఉంది, మీరు టైపు చేస్తే చాలు."

టైపు చేసింది. ఇంట్లో వండితే చాలు, ఇక్కడ టైపు చేస్తే చాలు. ఈ 'చాలు' దగ్గరే తన ముప్ఫై ఎనిమిదేళ్ళూ గడిచిపోయాయని మొదటిసారి లెక్క తెలిసినట్టయింది.

మెస్ తలుపుకి కాగితం అంటిస్తుంటే వంటమనిషి పోలమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. గిలకలదిండి నుంచి రోజూ వచ్చిపోతుంది.

"అందులో ఏం రాశారమ్మా? ఆ పిల్లలకి గంజి నేనే ఇచ్చానండి. మా కోడలు శ్రీదుర్గకి ఏడో నెల. ఇంటికెళ్ళొచ్చా?"

దయామణి కాగితం వైపు చూసింది. వదంతులు నమ్మవద్దు, అని ఉంది.

"ముగ్గురికి జ్వరం, పోలమ్మా. స్వైన్ ఫ్లూనో కాదో ఇంకా తెలీదు. తెలిసేదాకా నువ్వు కోడలి దగ్గరికి వెళ్ళకు," అంది.

పోలమ్మ దయామణి సెల్ తీసుకుని కొడుక్కి ఫోన్ చేసి, కోడల్ని నాగాయలంకలోని పుట్టింటికి పంపెయ్యమంది. తాను హాస్టల్ స్టోరు గదిలో చాప వేసుకుంది. దయామణి ఆగలేదు. మెస్ వాళ్ళనీ, ఊడ్చేవాళ్ళనీ పిలిచి, డైరెక్టర్ కొట్టేసిన లైన్లన్నీ చెప్పింది.

శనివారానికి పోలమ్మకి జ్వరం తగిలింది. సోమవారం ఫలితాలొచ్చాయి. ముగ్గురిలో ఇద్దరికి అదే జబ్బు. మందులతో అమ్మాయిలూ పోలమ్మా కోలుకున్నారు. శ్రీదుర్గకి ఏమీ కాలేదు. దయామణికి మెమో వచ్చింది: అనుమతి లేని సమాచారం ప్రచారం చేసినందుకు సంజాయిషీ ఇవ్వాలని.

"తప్పయిందని రాసిచ్చెయ్," అన్నాడు శామ్యూల్ రాజ్. "ఆడమనిషివి, కాళ్ళావేళ్ళా పడితే వదిలేస్తారు. ఊళ్ళో వాళ్ళ సంగతి నీకెందుకసలు?"

వంటింట్లోంచి అత్తగారు కేకేసింది. "పొయ్యి ఖాళీగా ఉంది దయా. ఏం వండుతున్నావు?"

"ఈ పూట మీరు చూసుకోండత్తయ్యా. నాకు పనుంది."

భర్త పేపరు కిందికి దించాడు. దయామణి అతని ఎదురుగానే కూర్చుని సంజాయిషీ రాసింది.

"పోలమ్మకి చదువు రాదు. నోటీసులో ఏముందని అడిగింది. నోటీసులో లేనిది చెప్పాను. మళ్ళీ అడిగినా అదే చెబుతాను."