నెగటివ్ మీద వేలిముద్ర

"ముట్టుకోవద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదరా!" అంది అక్క.

స్కానర్ నుంచి కంప్యూటర్ తెర మీదికి వచ్చిన బొమ్మలో అమ్మ భుజాలు, ఒడిలో చేతులు స్పష్టంగా ఉన్నాయి. ముఖం ఉండాల్సిన చోట వేలిముద్ర ఉంది. అమ్మ పోయేనాటికి తమ్ముడికి ఏడాది. ఆమె ఫొటో అంటూ మిగిలింది ఈ నెగటివ్ ఒక్కటే.

"నేను అంచులే పట్టుకున్నానే. ప్రతిదానికీ నేనే దొరుకుతానా నీకు?" అన్నాడు తమ్ముడు.

అక్క మెత్తటి గుడ్డతో తుడిచి మళ్ళీ స్కాన్ చేసింది. ముద్ర చెక్కుచెదరలేదు. నిన్నటి మరకైతే పోయేది. ఇది ఏళ్ల కిందటి చెమట, ఫిల్మును తినేసింది. తమ్ముడు బొమ్మను పెద్దది చేశాడు. వేలి గీతలను అడ్డంగా కోస్తూ పాత గాటు ఒకటి కనిపించింది.

ఇద్దరూ వెనక్కి తిరిగారు. వెనక కుర్చీలో కూర్చున్న నాన్న, ముప్పై ఏళ్లు వడ్రంగం చేసిన మనిషి, ఉలి దిగిన బొటనవేలిని పిడికిట్లో దాచుకున్నాడు.

"మీరు బడికెళ్ళాక కిటికీ వెలుగులో పెట్టి చూసుకునేవాణ్ణి," అన్నాడాయన. "బుగ్గ నిమరాలనిపించేది."



"నేను కాదే అక్కా," అన్నాడు తమ్ముడు తెరవైపే చూస్తూ. "అమ్మ ముఖం చెరిపింది నాన్న."