పీస్ కావాలి, మిస్

ఇమోజెన్‌కు పిల్లలంటే ప్రాణం. ఆ సంగతి ఆమే పదిమందికీ చెప్పుకునేది. ఇంగ్లండులో దక్షిణాన కలిగిన ఇంట పుట్టి, దూరాన ఉత్తరాన ఉన్న గ్లాస్గోకు చదువుకోవడానికి వచ్చింది. వారానికి మూడు ఉదయాలు ఊరికి తూర్పున ఉన్న పేదల నర్సరీలో జీతం లేకుండా పనిచేసేది. ఒక్క పసిబిడ్డకైనా పనికొస్తే చాలు అనుకునేది. ఆ కోరికకు వంక పెట్టలేం.

ఆమెకు పజిల్స్ బల్ల అప్పగించారు. మొదటిరోజే మూడేళ్ల కార్లీన్ కోటైనా విప్పకుండా వచ్చి ఆమె స్కర్టు పట్టుకుంది.

"పీస్ కావాలి, మిస్."

ఇమోజెన్ మురిసిపోయి, ఆవు బొమ్మ పజిల్‌లోంచి ఒక చెక్కముక్క తీసి ఇచ్చింది. పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నోట్లో పెట్టుకుంది.

"ఛీ, కొరక్కూడదు! మంచిపిల్లలు కొరకరు."

వచ్చిన ప్రతిరోజూ ఇదే తంతు. పిల్ల అడిగేది, ఈమె ఇచ్చేది, పిల్ల కొరికేది, ఈమె లాక్కునేది. రెండోవారం కేకలేసింది. మూడోవారం మూల కుర్చీలో కూర్చోబెట్టింది. దాంతో కార్లీన్ కొరకడం మానేసింది, అడగడమూ మానేసింది. "పజిల్స్ మీద ఎంతో ఆసక్తి. కొరికే అలవాటు మాన్పించాను" అని ఇమోజెన్ ఫైల్లో రాసుకుంది. హెడ్‌టీచర్ భేష్ అంది.

నాలుగోవారం నర్సరీ వంటమనిషి సెంగా తుంటినొప్పి తగ్గి మళ్లీ పనిలోకి వచ్చింది. ఆ వీధుల్లోనే పుట్టి అక్కడే ముసలిదైన మనిషి. నోరు చెడ్డది, చెయ్యి మంచిది. ఇమోజెన్ ఉండబట్టలేక ఆమెకూ చెప్పింది.

"కార్లీన్ వస్తూనే పీస్ కావాలనేది, సెంగా గారూ!"

సెంగా పాలజగ్గు కింద పెట్టింది. "నువ్వేమిచ్చావ్?"

"పజిల్ పీసే."

"నీ చదువు తగలెయ్య! మా వైపు పీసంటే రొట్టె. రెండు బ్రెడ్డుముక్కల మధ్య ఇంత జామ్ రాస్తే అదే పీసు. వాళ్లింట్లో తినడానికేమీ ఉండదని రోజూ గుమ్మంలోనే దాని చేతిలో పెట్టేదాన్ని. నేను లేకపోతే నిన్నడిగింది. ఆకలి రుచెరగదంటారు, చెక్కని కూడా కొరికి చూసింది పిచ్చితల్లి!"

"నాకెవరూ చెప్పలేదండీ..."

"పిల్ల చెప్పిందిగా. రోజూ చెప్పింది."

ఇమోజెన్‌కు తల ఎత్తబుద్ధి కాలేదు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. తనే బ్రెడ్డుకు మందంగా జామ్ రాసి, తివాచీ మీద ఒక్కతే కూర్చున్న కార్లీన్ ముందు మోకాళ్ల మీద కూలబడింది.

"ఇదిగోమ్మా, పీసు. నీకే."

కార్లీన్ రొట్టె వంక చూసి గుటక మింగింది. రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది.

"నేను కొరకను, మిస్. నేనిప్పుడు మంచిపిల్లని."