మంచుపలక కింద గడ్డి

ఎండాకాలం చివర పదిహేను రోజులు గడ్డి కోసుకోవాల్సింది. మేం కోయలేదు.

నా భర్త గొంబో తొమ్మిదేళ్లు బొగ్గు లారీ నడిపినవాడు. విసుగెత్తి లారీ వదిలేసి, గొర్రెలు కొని, నన్ను ఈ లోయకు తీసుకొచ్చాడు. మొదటి చలికాలం మెత్తగా గడిచిపోయింది. దాంతో మాకు అంతా వచ్చేసిందనుకున్నాం. రెండో ఏడు, అందరూ కొడవళ్లు నూరుకుంటున్నప్పుడు గొంబో గుర్రప్పందేలకు వెళ్లాడు. నేను పట్నంలో మా చెల్లెలి కాన్పుకు వెళ్లాను.

అవతలి వాలులో చెర్మా అక్క ఒక్కతే ఉంటుంది. అరవై దాటిన మనిషి. మేం తిరిగొచ్చేసరికి రెండు వాములు వేసుకుని కూర్చుంది. ఓ రోజు వచ్చి, మా గుడారం చుట్టూ ఒకసారి తిరిగి, లోపలికొచ్చి ఉప్పు టీ అందుకుంది.

"మీ గడ్డి ఎక్కడ పెట్టారే దులమా? నా కంటికి ఆనలేదు."

"నువ్వెత్తుకుపోతావని దాచాం అక్కా" అన్నాడు గొంబో.

"నవ్వు, నవ్వు. నీ గొర్రెలు నీ జోకులు మేస్తాయేమో చూద్దాం."

డిసెంబరులో మోకాలి లోతు మంచు పడింది. తర్వాత ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి వెచ్చబడి తుంపర కురిసింది. గొంబో టోపీ తీసేసి, "చూశావా, చలి అలిసిపోయింది" అన్నాడు. మర్నాటికి లోయంతా గాజులా గడ్డకట్టింది. దీన్నే మావాళ్లు ఇనుప జుద్ అంటారు. పలక కింద పసుప్పచ్చ గడ్డి కనబడుతూనే ఉంది. గొర్రెలు గిట్టలతో గీకి, మూతులతో నాకి, నెత్తురు కారుతున్న పెదాలతో మావైపు చూసేవి.

ఆ రోజు నుంచి నేను కుదురుగా కూర్చోలేదు. తెల్లారగానే గునపం పట్టుకుని పలక పగలగొట్టేదాన్ని. పొద్దుగూకే వేళకు ఒక మంచం పట్టేంత నేల బయటపడేది. గొంబో మోటారుసైకిలు మీద గడ్డి కోసం తిరిగేవాడు. వెళ్లేవాడు, వచ్చేవాడు, టీ తాగకుండానే మళ్లీ వెళ్లేవాడు. చివరికి కాసిని మోపులు తెచ్చి, అన్నిటికీ తలో పిడికెడు పంచాడు.

చెర్మా అక్క గుర్రం మీద వచ్చింది. మందను చూసి గొంబోను పక్కకు పిలిచింది.

"బక్కవాటిని ఇవాళే కోసెయ్ తమ్ముడూ, ఒంటిమీద కాస్త మాంసం ఉండగానే. ఉన్న గడ్డి చూడిగొర్రెలకు పెట్టు."

"ఒక్కదాన్నీ పోనివ్వను."

"అన్నిటికీ పిడికెడు పెడితే అన్నీ పోతాయి."

గొంబో మందలోకి నడిచాడు. ఆమె నా వైపు తిరిగింది. ఆమె చెప్పింది నిజమని నాకు తెలుసు. తెలిసీ, "మా గొర్రెలు మేం చూసుకుంటాంలే అక్కా" అన్నాను. ఆమె టోపీ చెవుల మీదికి లాక్కుని వెళ్లిపోయింది.

తర్వాత పది రోజులు, పొద్దున్నే దొడ్లోకి వెళ్తే కొన్ని కొయ్యబారి ఉండేవి. ఆకలికి ఒకదాని ఉన్ని ఒకటి పీక్కుని తినడం మొదలుపెట్టాయి. గొంబో, నేను మాట్లాడుకోవడం మానేశాం.

పదకొండో రోజు మిట్టమధ్యాహ్నం ఉత్తరం నుంచి మంచుగాలి లేచింది. మంద దొడ్డిగోడ తోసుకుని గాలివాలున పడి వెళ్లిపోయింది. గొంబో వెంట పరిగెత్తాడు, కాళ్లకు లారీ నడిపేటప్పటి పాత బూట్లతోనే. పది అడుగుల్లో కనబడకుండా పోయాడు.

నేను పొయ్యిలో పేడ పిడకలు వేసేదాన్ని, బయటికి పరిగెత్తేదాన్ని, గరిటెతో కళాయి మూతను బాదేదాన్ని. మూడు గంటలు అదే పని. లోపలుంటే బయట పిలిచినట్టుండేది, బయటికొస్తే గాలి తప్ప ఏమీ లేదు.

గాలి తగ్గాక చెర్మా అక్క గుర్రం కనబడింది. దాని మీద గొంబో బోర్లా పడి ఉన్నాడు. మంద కొట్టుకుపోయి ఆమె దొడ్డిగోడకు ఆనుకుందట. గొంబో వాటి మధ్య ఒక గొర్రెను కావలించుకుని కూర్చున్నాడట. ఆయన బూట్లు కోసి తీస్తే పాదాలు మైనంలా తెల్లగా ఉన్నాయి. ఆమె తన అంగీ విప్పి, ఆ పాదాలను తన పొట్టకు ఆనించుకుని కూర్చుంది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే కాస్త తేలికపడేదాన్ని.

"అక్కా, రేపు పొద్దున కత్తి పట్టుకుని రా" అన్నాను.

మర్నాడు ఏవి బతకాలో నేనే ఏరాను. గొంబో పడక మీంచి అడిగాడు.

"తెల్లచెవిదాన్ని కూడా కోసేస్తావా?"

"దాన్ని కూడా."

ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. పొద్దంతా చెర్మా అక్కా నేనూ కోశాం. మిగిలిన చూడిగొర్రెలను ఆమె దొడ్డికి తోలాం.

"నీ గడ్డి నీకే చాలదు కదక్కా" అన్నాను.

"చాలకపోతే కలిసి ఏడుద్దాం. నలభై ఏళ్లుగా ఒక్కదాన్నే ఏడ్చి విసుగొచ్చింది."

వసంతానికి ముప్పై ఒక్క గొర్రెలు మిగిలాయి. గొంబోకు ఎడమకాలి వేళ్లు మూడు పోయాయి.

గడ్డి కోయకపోవడం తెలియనితనం. కానీ ఆ రోజు తెలిసీ మొగుడి పరువు కోసం అక్కను కాదని పంపేశాను చూడండి, అది నన్ను ఇప్పటికీ నిలవనివ్వదు. అందుకే ఇప్పుడు మా గుడారంలో రోజంతా వాదనే. ఈ వేసవి లోయంతా కుస్తీలు చూడ్డానికి వెళ్తే, నేను వాలులో గడ్డి కోస్తున్నాను.

"ఇంకా లేతగా ఉందే, కుళ్లిపోతుంది" అని కుంటుకుంటూ వచ్చాడు గొంబో.

"పలచగా ఆరబెడతాను."

"అయినా కుళ్లుతుంది. పది రోజులాగు."

ఆయన చెప్పిందే సరి. ఆ మాట ఒప్పుకున్నాను కూడా. ఒప్పుకుంటూనే, చేయి ఆగక, ఇంకో వరస కోశాను.