పొడిగా ఉన్న ఉమ్మితొట్టి

మా మావయ్య నోరు విప్పితే ఉమ్మితొట్ల చరిత్రే. మా టీ రుచి చూసే గదికి ఎవరొచ్చినా సరే, తన ఇత్తడి తొట్టి మీద చెయ్యేసి మొదలుపెడతాడు. రాజుల కొలువుల్లో దీన్ని తమ్మపడిగ అనేవారట, పట్టుకుని నిలబడడానికే ఒక మనిషి ఉండేవాడట. ఒక దేశంలో భోజనాల బల్ల మీదే పింగాణీవి పెట్టుకునేవారట. మరోచోట రైలుపెట్టెల్లో, మంగలి షాపుల్లో, ఆఖరికి కోర్టుల్లో కూడా ఉండేవట. క్షయరోగులైతే జేబులో నీలం గాజు సీసా పెట్టుకు తిరిగేవారట. "ఆ జబ్బుకు భయపడే జనం అన్నీ తీయించేశారు. ఇప్పుడు గౌరవంగా ఉమ్మేది మనమే," అని ముగిస్తాడు. పదేళ్ళుగా వింటున్నాను. చెవులు చిల్లులు పడ్డాయి.

మా పని అదే మరి. వరసగా పెట్టిన గిన్నెల్లోంచి చెంచాడు టీ జుర్రున పీల్చి, నోరంతా తిప్పి, తొట్టిలో ఉమ్మి, సరుకు పనికొస్తుందో లేదో చెప్పాలి. మింగకూడదు. ఈ నియమం నాకు నేర్పిందీ మావయ్యే.

అలాంటిది ఈ ఉదయం గది తుడిచే ఆయా వచ్చి, "అమ్మాయిగారూ, మావయ్యగారి తొట్టి పది రోజులుగా పొడిగా ఉంటోంది. నాకు కడిగే పనే లేదు," అంది.

నాకు ఒళ్ళు మండింది. నేరుగా వెళ్ళి అడిగాను.

"మింగుతున్నావా మావయ్యా?"

"గొంతులోనైనా కాస్త తెలుస్తుందేమోనని..." అని నసిగాడు. "మొన్నామధ్య వచ్చిన జ్వరం తగ్గిన దగ్గర్నుంచీ నాకు రుచి తెలియట్లేదే. యజమానికి తెలిస్తే ఇంటికి పంపించేస్తాడు. ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను?"

"మరి బాగుందో లేదో ఎలా చెప్తున్నావు?"

"నిన్ను చూసి. బాగుంటే కాసేపు నోట్లో ఉంచుకుంటావు. లేకపోతే ఠక్కున ఉమ్మేస్తావు."

నేను తల పట్టుకున్నాను.

"నన్ను చూసా? నాకు మూడు రోజులుగా జలుబు! సెలవు పెడితే నీ ఒక్కడి మీదే పని పడుతుందని చెప్పలేదు. నీ కనుబొమలు చూసి నెట్టుకొస్తున్నాను!"

"జలుబుతో ఈ గదిలోకి రావద్దని ఎన్నిసార్లు చెప్పాను?" అని ఎగిరాడు. సిగ్గుండొద్దూ! నాలుక పనిచెయ్యని మనిషి నా ముక్కును తిడుతున్నాడు.

మూడు రోజుల సరుకు ఎవరూ రుచి చూడకుండానే పాసైపోయింది. అదృష్టం బాగుండి ఇంకా గోదాములోనే ఉంది.

ఆయా చీపురు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. "గిన్నెల్లో మిగిలింది రోజూ నేనే తాగుతా కదండీ. మొన్నటి నుంచీ రెండో వరసది ముక్కిన వాసనేస్తోంది. మీరు బాగుందన్నారు కదా, నాకేం తెలుసులే అని ఊరుకున్నా."

మావయ్య యజమానికి ఫోన్ చేసి సరుకు ఆపమన్నాడు. "నాకు రుచి పోయిందండీ," అని కూడా చెప్పేశాడు. అంత కోపంలోనూ నాకు ఏడుపొచ్చింది.

ఫోన్ పెట్టేసి, తన చెంచా తుడిచి ఆయా చేతిలో పెట్టాడు. రెండో వరస చూపించాడు. ఆమె భయంభయంగా పీల్చింది. అలవాటుగా మింగబోయింది.

"మింగకమ్మా, ఉమ్ము!" అంటూ మావయ్య తన ఇత్తడి తొట్టిని రెండు చేతులా ఎత్తి, ఆమె ముందు పట్టుకుని నిలబడ్డాడు.