ఎల్లొస్తానుకి బరువెంత

ఆమదాలవలసలో రైలు దిగి బయటికొస్తే, బియ్యం కొట్ల వరసలో కూర్మయ్య కొట్టు ఉంటుంది. పొద్దున్నే ఆయన కాటా పళ్ళేలు తుడిచి, ముల్లు నిటారుగా నిలబడిందో లేదో చూసుకుని, ఆ తరవాతే టీ తాగుతాడు. పక్కన అప్పలమ్మ గోనెపట్టా పరుచుకుని చేటతో ధాన్యం చెరుగుతూ ఉంటుంది. ఎండ గుమ్మంలోకి వచ్చేసరికి బేరగాళ్ళొస్తారు. వాళ్ళ వెనకాలే భాష తూయించుకునేవాళ్ళూ వస్తారు.

ఆ కాటా ధాన్యంతో పాటు భాషల్ని కూడా తూస్తుంది. పళ్ళెం మీదకి వంగి ఏ భాషలోనైనా ఒక మాట అంటే చాలు, ఆ మనిషికి అది ఎంత బరువో పళ్ళెం దిగి చెబుతుంది. మలేషియా వెళ్ళే కుర్రాడికి అక్కడి మలయ్ భాష పేలాల్లా తేలింది. దుబాయి వెళ్ళే మేస్త్రికి అరబ్బీ తడిసిన బస్తాలా కూచుంది. ఒడిశా సరిహద్దులోని ఇచ్ఛాపురం నుంచి వచ్చిన ఒకాయన ఒడియా పలికితే పళ్ళెం కదలనే లేదు. నీకది పరాయి భాషేటి, బండికి టైమైంది పో అని కూర్మయ్య కసిరి పంపేశాడు.

అప్పలమ్మ కూతురు రూబీ నర్సు. ఆమె పనిచేసే చిన్న ఆసుపత్రి త్వరలో మూతపడబోతోంది. శ్రీకాకుళంలో ఒక శిక్షణ కేంద్రం నర్సులకు పరాయి భాష నేర్పి విదేశాలకు పంపుతుంటే, రూబీ అక్కడ జర్మన్‌లో చేరింది, పరీక్ష తప్పింది. ఇంకొక్క అవకాశమిచ్చారు. జర్మనే మళ్ళీ రాస్తావో, జపనీస్‌లో చేరతావో సోమవారానికి చెప్పమన్నారు. ఈసారి తప్పితే ఇక అంతే.

పాఠాలు చెప్పే సుహాసిని మేడం మంచి మనిషే. ఇంగ్లీషు వచ్చినవాళ్ళకి జర్మన్ సులువనీ, రెండూ అక్కచెల్లెళ్ళ లాంటివనీ, జపనీస్‌కి మూడు రకాల రాతలున్నాయనీ ఓపిగ్గా నచ్చజెప్పింది. రూబీతో చదివే గోపి కూడా తూయించుకున్నాడు. చిన్నప్పట్నుంచి ఇంగ్లీషు మీడియం వాడు. జర్మన్‌కి పళ్ళెం వేలెడు దిగింది, జపనీస్‌కి నేల తాకింది.

నిజానికి రూబీ తప్పింది వ్యాకరణంలో కాదు. పరీక్షలో ఒక చిన్న నాటకం ఉంటుంది. డ్యూటీ అయిపోయిన నర్సు రోగితో, నేను వెళ్తున్నాను, ఇంకొకరు వస్తారు అని చెప్పాలి. రూబీ జర్మన్‌లో 'నేను వెళ్ళి వస్తాను' అంది. మళ్ళీ ఎందుకొస్తావని అడిగారు. సరిదిద్దుకోబోతే నోరు పెగల్లేదు, ఆ పైన అడిగినవాటికీ మాట రాలేదు. అప్పట్నుంచి గోపి ఎదురుపడితే చాలు, "ఎల్తావా, ఎల్లొస్తావా?" అని ఏడిపిస్తాడు.

శనివారం రూబీ కాటా ముందు నిలబడింది. జర్మన్‌లో ఒక నమస్కారం పెట్టింది, పళ్ళెం కాస్త దిగింది. జపనీస్‌లో పెట్టింది, ఇంకాస్త దిగింది. మేడం చెప్పిందే నిజమని వెనుదిరగబోయింది.

"ఉండవే గుంటా," అన్నాడు కూర్మయ్య. "పరీక్షలో నీ గొంతుకి అడ్డం పడ్డ మాటేటి? అదను."

"ఇష్ గేహే," అంది రూబీ, వెళ్తున్నాననడానికి జర్మన్ మాట. పళ్ళెం దభీమని నేలకి దిగింది.

"అదే తెలుగులో అను."

అప్పలమ్మ చేతిలో చేట ఆగిపోయింది. గుమ్మం దాటేవాళ్ళు ఎవరైనా వెళ్ళొస్తాననే అంటారు గానీ, వాళ్ళింట్లో దానికి కారణం వేరే ఉంది. రూబీ చిన్నప్పుడు తండ్రి డేవిడ్‌రాజు చెన్నైలో కట్టుబడి పనికి బయల్దేరి, కదిలిపోతున్న రైలు ఎక్కుతూ కంగారులో 'ఎల్తన్నానే' అనేశాడు. మరి రాలేదు. కబురూ లేదు. ఆదివారం ప్రార్థనలో లోకంలో అందర్నీ క్షమించే అప్పలమ్మ, ఆ సగం మాటని మాత్రం క్షమించలేదు.

"ఎల్తన్నాను తాతా," అంది రూబీ గొంతు తగ్గించి. పళ్ళెం నేలకి కొట్టుకుని గొలుసు తెగింది.

కూర్మయ్య గొలుసుకి తాడు ముడేసి బిగించాడు. తరవాత అన్నాడు. "భాషదేటీ తప్పు లేదే. ఆ మాట మీద మీ నాన్న కూచున్నాడు. సర్లే, జపానోళ్ళు ఇల్లు దాటినప్పుడు ఏటంటారో సూడు."

రూబీ ఫోనులో వెతికింది. "ఇత్తెకిమాసు."

పళ్ళెం కదల్లేదు.

"గట్టిగా అను. నాకే ఇనపళ్ళేదు, కాటాకేటి ఇనపడతాది?"

మళ్ళీ అంది. ముల్లు నిటారుగానే ఉంది. రూబీ అర్థం చదివింది, నమ్మకం చాలక మరోసారి చదివింది. "ఇత్తె అంటే ఎల్లి. కిమాసు అంటే ఒస్తాను."

"ఎల్లొస్తాను," అంది వెనక నుంచి అప్పలమ్మ.

ఇంట్లో ఉన్నవాళ్ళు బదులుగా 'ఇత్తెరాషాయ్' అంటారట, ఎల్లి రా అని. "అయితే మన మాటే, ఎవరో పడవెక్కించీసేరు," అన్నాడు కూర్మయ్య. కానీ ఆయన తూకం తెలిసిన మనిషి, ఉన్న బరువు దాచలేదు. "మిగతాదంతా బరువేనే అమ్మీ. బస్తా బరువు ఎక్కడికీ పోదు. ఈపు మీద ఆనే సోటు ఒకటి దొరికితే మోసీవచ్చు. నీకు దొరికింది."

సోమవారం రూబీ జపనీస్ అని చెప్పింది. రాతలు నిజంగానే కొండలే. కానీ వాక్యం మొదలుపెడితే క్రియ బుద్ధిగా చివర కూచునేది, మన తెలుగులో లాగే. ప్రశ్నకి చివర 'కా' తగిలిస్తే చాలు, మనం 'వచ్చావా' అని దీర్ఘం తీసినట్టు. జపనీస్‌లోకి ఇంగ్లీషులోంచి కాకుండా తిన్నగా తెలుగులోంచే రమ్మని సుహాసిని మేడమే తరవాత చెప్పడం మొదలుపెట్టింది. రూబీ పరీక్ష గట్టెక్కింది. ఇక ఫోనులో ఇంటర్వ్యూ ఒక్కటే మిగిలింది.

ఇంట్లో సిగ్నల్ అందదు. అందుకని కూర్మయ్య కొట్లోనే కూచుంది. ఫోను మొహానికి సరిగ్గా రావాలని కాటా పళ్ళెంలో నిలబెట్టి, రెండో పళ్ళెంలో రాళ్ళు వేసి సరిచేశారు. జపాన్‌లో ముసలివాళ్ళ ఆశ్రమం నడిపే ఆవిడ చాలా సేపు అడిగింది, రూబీ చాలా సేపు చెప్పింది. ఆఖర్ని మర్యాదగా సెలవు తీసుకోవలసిన చోట, అలవాటు కొద్దీ "ఇత్తెకిమాసు" అనేసింది.

అనగానే నాలుక్కరుచుకుంది. సొంత ఇల్లు దాటేటప్పుడు ఇంట్లోవాళ్ళతో అనే మాటది, బయటివాళ్ళతో అనకూడదు. జర్మన్ పరీక్ష గది మళ్ళీ కళ్ళముందుకొచ్చింది.

ఫోనులో ఆవిడ రూబీ భుజం వెనక, చేతుల నిండా పొట్టుతో నిలబడ్డ అప్పలమ్మను చూసింది. తరవాత నవ్వి, ఏప్రిల్లో మా దగ్గరికి వచ్చెయ్యమంది. అని, తల వంచి, అప్పలమ్మ తరఫున తనే అన్నట్టు, "ఇత్తెరాషాయ్," అంది.

ఫోనున్న పళ్ళెం బరువే లేనట్టు మెల్లిగా పైకి లేచి అప్పలమ్మ మొహం దగ్గర ఆగింది. ఆమె చేతులు చీర కొంగుకి తుడుచుకుని, ఫోనులో ఆవిడకి వినపడేలా ముందుకి వంగింది.

"ఎల్లొస్తాదమ్మా," అంది.

కూర్మయ్య రెండో పళ్ళెంలోంచి రాళ్ళన్నీ తీసేశాడు. అయినా ఫోను దిగలేదు.