పీలిక ఆగే మలుపు

దర్జీ తన కొలత తాను తీసుకోకూడదని మా నాన్న అనేవాడు. చేతిలోకి టేపు రాగానే పొట్ట దానంతటదే లోపలికి పోతుందట. అందుకని నా కొలతలు ఎప్పుడూ అక్కే తీసేది. అక్క టేపు పట్టి అంకె పైకి చెప్పడం, నేను పుస్తకంలో రాయడం. కొట్టుకొచ్చే వాళ్లందరికీ కూడా మాది ఇదే పద్ధతి.

నాకు యాభై మూడేళ్లు. పెళ్లి కాలేదు. తీరిక లేక అని నేనంటాను. వీడి నోటికి తట్టుకునే మనిషి ఇంకా పుట్టలేదని అక్క అంటుంది. బావ పోయాక అక్క మళ్లీ మా ఇంటికే వచ్చేసింది. కింద కొట్టు, పైన రెండు గదులు, మధ్యలో పదహారు మెట్లు. ఎనిమిదో మెట్టు దగ్గర నేను ఆగి గోడకి ఆనుకునేవాణ్ణి. ఎవరైనా చూస్తే ఏదో మర్చిపోయినట్టు జేబులు తడుముకునేవాణ్ణి.

పోయినేడు అక్క కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. వారానికి మూడు రోజులు డయాలసిస్. నా కిడ్నీ ఒకటి అక్కకి సరిపోతుందని పరీక్షల్లో తేలినప్పుడు ఆసుపత్రి వరండాలోనే కళ్లనీళ్లు పెట్టుకున్నాను. డాక్టరమ్మ మాత్రం నన్ను ఎగాదిగా చూసింది.

"ముందు పన్నెండు కిలోలు తగ్గండి. ఈ ఒంటితో ఆపరేషన్ చేస్తే మీకే ప్రమాదం. నాలుగు నెలల తర్వాత చూస్తాను. ఇంట్లో కుక్క ఉందా?"

"ఉందండీ."

"అయితే దాన్ని రెండు పూటలా తిప్పండి. అది మిమ్మల్ని తిప్పుతుంది."

కుక్క అక్కది. పిల్లగా ఉన్నప్పుడు ఎక్కణ్ణించి వచ్చిందో, కొట్లో కత్తిరింపు గుడ్డల కుప్పలో నిద్రపోతూ దొరికింది. అందుకని అక్క పీలిక అని పేరు పెట్టింది. అక్క దాన్ని తిప్పినన్నాళ్లూ పేరుకి తగ్గట్టే ఉండేది. అక్క మంచాన పడ్డాక అదీ మంచం కిందే పడింది. పేరు పీలిక, ఒళ్లు పరుపు.

"నాకేం వద్దురా. నీ ఒంట్లోది నీ ఒంట్లోనే ఉండనీ" అంది అక్క. అక్క మాటకి నేను ఏనాడూ ఎదురు చెప్పలేదు. విననూ లేదు.

"సరే, ముందు నా నడుం కొలత తియ్యి" అన్నాను.

"తియ్యను. కావాలంటే ఇంకో దర్జీ దగ్గరికి పో."

ఇంకో దర్జీ! అంతకంటే గుడ్డ చుట్టుకు తిరగడం నయం. పాత పుస్తకంలో నా నడుం నలభై నాలుగని ఉంది. నాకు తోచిన లెక్క వేసుకుని ముప్పై ఎనిమిది అంగుళాలకి ఒక నల్ల ప్యాంటు కుట్టి కొట్లో మేకుకి తగిలించాను. అది పట్టిన రోజు అదే వేసుకుని ఆసుపత్రికి వెళ్లాలని నా పంతం. మందుల షాపులో బరువు చూసుకోమని చాలామంది చెప్పారు. ఆ మిషను ముల్లు మీద నాకు నమ్మకం లేదు. గుడ్డ అబద్ధం చెప్పదు అన్నాను, పెద్ద తెలిసినవాడిలా.

మొదటి రోజు నలభై అడుగులు వేయగానే పీలిక కూర్చుంది. నాకూ కావలసింది అదే. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ రొప్పాం. బేకరీ ఆయన బయటికొచ్చి, "ఎవరు ఎవర్ని తిప్పుతున్నారు?" అని అడిగాడు. ఆయన బన్నుల మీద ఇరవై ఏళ్లుగా నేను పెట్టుకున్న ప్రాణం గుర్తు లేకుండా అడిగాడు. ఆ రోజు నించి ఆ కొట్టు ముందు తల తిప్పుకుని నడిచేవాణ్ణి. ముక్కు మాత్రం తిరిగేది కాదు.

పదిహేను రోజులకి చెరువు గట్టు దాకా, నెలకి రైలు పట్టాల దాకా పోగలిగాం. దారిలో ఎన్ని ఇళ్లకి కొత్త రంగులు వేశారో, ఏ ఇంటి పిల్ల ఎంత ఎదిగిందో అప్పుడు చూశాను. మిషను మీద వంగిన మెడ ఎత్తి నేను మా వీధిని చూడక ఏళ్లయింది. పీలికతో ఒక్కటే చిక్కు. మా వీధి చివర మలుపు దగ్గర ఆగిపోయేది. వెనక్కి తిరిగి మా ఇంటి వైపు చూస్తూ నిలబడేది. తిట్టినా, లాగినా, రెండు నిమిషాలు కదిలేది కాదు. దాని బద్ధకం దానిది అనుకునేవాణ్ణి.

అయితే ఆదివారాలొచ్చేసరికి నా ఉత్సాహం నీరుగారిపోయేది. ప్రతి ఆదివారం ఆ నల్ల ప్యాంటు తొడుక్కుని అక్క ఎదురుగా గుండీ పెట్టడానికి కుస్తీ పట్టేవాణ్ణి. మొదటి వారం గుండీకీ కాజాకీ మధ్య అరచెయ్యి పట్టేంత సందు. రెండో నెలలోనూ అంతే. మూడో నెలలోనూ అంతే. రాత్రి తిండి సగం చేశాను, చక్కెర మానేశాను, చివరికి పెళ్లి పిలుపులు కూడా మానేశాను. సందు సందులాగే ఉంది. "చిక్కావయ్యా" అని కొట్టుకొచ్చిన వాళ్లు అంటే, తొందరగా కుట్టించుకోవడానికి చెప్తున్నారనుకున్నాను. పైజామా బొందు ముడేశాక మోకాళ్ల దాకా వేలాడుతుంటే, బొందు సాగిందనుకున్నాను. గాలి పీల్చినా లావెక్కే ఒళ్లు నాది అని సరిపెట్టుకున్నాను.

ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజు ఇంకో వారం ఉందనగా ఆ సంగతి జరిగింది. పొద్దున పట్టాల దగ్గర పీలిక పిల్లిని చూసి ఉరికింది. దాని ఛాతీ పట్టీ నా చేతిలోనే ఉండిపోయింది, కుక్క పోయింది. ఆ పట్టీ నడక మొదలైనప్పుడు నేనే కుట్టాను, అంగుళం కూడా ఎక్కువ వదలకుండా. పిల్లి గోడెక్కాక పీలిక తిరిగొస్తే పట్టీ వేసి చూశాను. నాలుగు వేళ్లు వదులు. డొక్కలు తీరుగా, నడుము సన్నగా, మళ్లీ పేరుకి తగ్గట్టయింది.

అక్కడే రాయి మీద కూర్చున్నాను. ఇద్దరం నడిచింది ఒకే దారి. కుక్క తగ్గింది. నేను తగ్గలేదు. ఇదెక్కడి న్యాయం?

ఇంటికొచ్చి మేకు మీది ప్యాంటు తీసి, ఇన్నాళ్లలో మొదటిసారి వెనక్కి తిప్పాను. వెనక జేబులు రెండూ దగ్గర దగ్గరగా జరిగి చెవులు కొరుక్కుంటున్నాయి. లోపలికి తిరగేశాను. నా మిషను కుట్టు పక్కనే వరసగా ఏడు చేతికుట్లు. వెనకా, రెండు పక్కలా పంచుకుంటూ, కొంచెం కొంచెంగా లోపలికి పట్టుకుంటూ వచ్చాయి. పైన ఇస్త్రీ చేసి ఉంది. వరస చివర మూడుసార్లు వెనక్కి కుట్టి దారం తెంచే అలవాటు నాది కాదు. అక్కది.

ఒంటికి నిప్పంటుకున్నట్టయింది నాకు. నేను కుక్కతో తిరిగే గంటా అక్క వాపు కాళ్లతో పదహారు మెట్లు దిగి, కూర్చుని, నా ప్యాంటు బిగిస్తోందన్నమాట. నేనెంత ఎక్కువ నడిస్తే ఆమెకి అంత తీరిక. కేకలేద్దామని మెట్ల వైపు తిరిగాను. మళ్లీ ఎందుకో ఆ వరసలు చూశాను. మొదటిది మిషనుకి దీటుగా ఉంది. మూడోది కొంచెం పక్కకి పోయింది. ఏడోది, మొదటిసారి సూది పట్టిన పిల్ల కుట్టినట్టుంది. నాలుగు నెలల్లో మా అక్క చేతుల వణుకు ఎంత పెరిగిందో ఆ గుడ్డలో ఉంది. నా కోపం అక్కడే ఆగిపోయింది, భయం పట్టుకుంది.

పైకి వెళ్లాను. అక్క కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ప్యాంటు ఒళ్లో పెట్టాను. చూసి తల దించుకుంది.

"నాలుగు నెలలు పట్టిందిరా నీకు. నాన్న ఉంటే చెవి మెలేసేవాడు."

"నన్ను చూసి నవ్వుకున్నావా అక్కా?"

"నవ్వలేదురా. ఆదివారం నీ మొహం చూసి ఏడ్చేదాన్ని. సోమవారం మళ్లీ కుట్టేదాన్ని."

"ఎందుకు?"

"అమ్మ పోయేసరికి నీకు నాలుగేళ్లు. ముద్దలు పెట్టి పెంచాను. ఇప్పుడు నిన్ను కోయించి నేను బతకాలా? నీకేమన్నా అయితే? వద్దంటే నువ్వు వినవు. ప్యాంటు చెప్తే వింటావనుకున్నా."

"వినేవాణ్ణే. రేపు నువ్వు పోతే, నా పొట్ట వల్లే పోయావని బతికినంతకాలం ఏడ్చేవాణ్ణి. అది బాగుండేదా?"

పీలిక వచ్చి అక్క పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంది. అప్పుడు నాకు బుర్రలో వెలిగింది. ఇన్నాళ్లూ దాన్ని తిట్టినందుకు సిగ్గేసింది.

"అక్కా, ఇది రోజూ వీధి మలుపు దగ్గర ఆగుతుంది. వెనక్కి తిరిగి మన ఇంటి వైపు చూస్తుంది. రెండు పూటలా. నాలుగు నెలల నించీ. బద్ధకం అనుకున్నా. నువ్వు వెనకాల వస్తున్నావేమో అని చూస్తోందే అది. దానికేం చెప్పమంటావు? రాదు, ప్యాంటు కుట్టుకుంటోంది అని చెప్పనా?"

అక్క కిటికీ వైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. చెయ్యి పట్టుకుంటే పట్టుకోనిచ్చింది. చిన్నప్పుడు బడికి తీసుకెళ్లిన చెయ్యి. నువ్వు లేకపోతే నాకు ఎవరున్నారే అని అడిగేశాను. అంత పెద్ద మాట మా ఇద్దరి మధ్య అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

అక్క ముక్కు తుడుచుకుని, "చిన్న కత్తెర ఇటియ్యి" అంది.

ఏడు వరసలూ తనే విప్పింది. నేను సాయం పట్టబోతే చేతి మీద కొట్టింది. విప్పిన దారం ముక్కలన్నీ పీలిక వీపు మీద పడుతున్నాయి. పక్క గదిలోకి వెళ్లి ప్యాంటు తొడుక్కున్నాను. కొంచెం బిగువే. కానీ గుండీ కాజాలోకి పోయింది. నేను ఊపిరి బిగబట్టకుండానే పోయింది.

బయటికి వచ్చేసరికి అక్క మెడలో టేపు ఉంది. మంచాన పడ్డ ఎనిమిది నెలల తర్వాత.

"పుస్తకం తియ్యి" అంది.

తీశాను. నా చుట్టూ చేతులు వేసి, టేపు తెచ్చి ముందర కలిపింది. వేళ్లు వణుకుతున్నా అంకె దగ్గర గట్టిగా పట్టుకుంది. కొట్లో ఎవరికో చెప్పినట్టే పైకి చెప్పింది.

"నడుం ముప్పై ఎనిమిదిన్నర."

రాశాను. కళ్లు మసకబారి ఎలా రాశానో తెలియదు. అక్క టేపు చుట్టి పక్కన పెట్టింది.

"ఇంకో అర అంగుళం ఉందిరా, వారంలో తీసెయ్. రేపు పొద్దున్నే నన్నూ లేపు. మెల్లగా మలుపు దాకా వస్తాను."