చింతగింజ రంగు

పదేళ్ళపాటు నేను జుట్టుకి నల్లరంగు వేసుకున్నాను. వేసుకున్న రోజు బూటు పాలిష్ పెట్టినట్టుండేది. ఇరవై రోజులు తిరిగేసరికి పాపిడిలో తెల్లగీత సున్నం కొట్టినట్టు బయటపడేది. యాభై ఒకటో ఏడు వచ్చాక విసుగొచ్చింది. వయసు దాస్తున్నానని అందరికీ ఎలాగూ తెలుస్తూనే ఉంది, ఆ మాత్రం దానికి నలుపే ఎందుకు, నచ్చిన రంగే వేసుకుంటే పోలేదా అనిపించింది. నాకు నచ్చిన రంగు ఒకటే. ఎరుపు లోపల్నించి తొంగిచూసే ముదురు గోధుమ రంగు. పాత టేకు తలుపుకి పాలిష్ పట్టి ఎండలో నిలబెడితే కనిపిస్తుందే, అది.

రంగుల గురించి నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మాది రంగుల కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. మా మామగారు పెట్టింది, ఇప్పుడు మా ఆయన చూసుకుంటున్నారు. గోడలకి వేసే రంగులు పన్నెండు వందల రకాలు కలిపి ఇస్తాం. 'ఇస్తాం' అని ఎందుకంటున్నానంటే, నేను ఊళ్ళో ఉండగా నా కన్ను పడని డబ్బా ఇరవై ఆరేళ్ళుగా ఒక్కటీ గడప దాటలేదు. మిషను రంగు కలిపేశాక మా ఆయన మెట్ల దగ్గరికొచ్చి "ఒకసారి వచ్చి చూడు" అని కేకేస్తారు. నేను పొయ్యి కట్టేసి దిగుతాను. ఆయన వేలితో చుక్క తీసి మూత మీద పెడతారు. నేను షేడు కార్డు పక్కన పెట్టి చూసి సరే అంటాను. "మూత కొట్టెయ్యనా?" అంటారు. "కొట్టెయ్యండి" అంటాను. సుత్తితో నాలుగు దెబ్బలు, ఆ తర్వాతే డబ్బాకి చీటీ అంటించడం. ఏ మగాడు పెళ్ళాం మాటకి ఇంత విలువిస్తాడు చెప్పండి? ఈ సంగతి మా ఆడపడుచు దగ్గర ఎన్నిసార్లు గొప్పగా చెప్పుకున్నానో నాకే తెలీదు.

పార్లరమ్మాయి నన్ను "రండాంటీ" అని కూర్చోబెట్టింది. జుట్టు కుచ్చులు వరసగా అతికించిన పుస్తకం తెరిచి, "ఇది మీకు సూపరుగా ఉంటుందాంటీ" అని ఒకటి చూపించింది.

"ఇందులో నారింజ ఎక్కువుంది. నెల తిరిగేసరికి ఇత్తడి చెంబైపోతుంది" అన్నాను.

"పోనీ ఇది?"

"ఇందులో ఊదా ఉంది. నీడలో బాగుంటుంది, ఎండలోకొస్తే కమిలిన దెబ్బలా ఉంటుంది. పుస్తకం కిటికీ దగ్గరికి తీసుకురామ్మా. రంగుని ఎప్పుడూ ట్యూబులైటు కింద ఒప్పుకోకూడదు."

ఆ పిల్ల నన్నొకసారి, పుస్తకాన్నొకసారి చూసి కిటికీ దగ్గరికి నడిచింది. ముప్పావు గంట పట్టింది. చివరికి నాలుగు పాయింటు అయిదు అనే కుచ్చు దగ్గర నా కన్ను ఆగింది. అచ్చం చింతగింజ. చెవి వెనక కాస్త పూసి, దురద రాకపోతే రెండ్రోజులాగి రమ్మంది. దురదా రాలేదు, నిద్రా రాలేదు. వెళ్ళాను. ముందు పాత నలుపు దింపి, ఆ మీద ఇది పట్టించింది. నాలుగు గంటల తర్వాత, ఆంటీ అని కూర్చోబెట్టిన పిల్లే "లేవండక్కా" అంది. రంగు ఎంత బాగా కుదిరిందో అద్దం చూడకముందే తెలిసింది.

ఆపైన జాగ్రత్తలు చెప్పింది. మూడ్రోజులు తలస్నానం చెయ్యకూడదు. తర్వాత వారానికి రెండుసార్లకి మించకూడదు, అదీ చన్నీళ్ళతో, రంగు జుట్టుకని చెప్పి అమ్మే షాంపూతో. ఎండలోకి వెళితే తలకి గుడ్డ కట్టుకోవాలి. "ఎరుపు అన్నిటికంటే ముందు పోతుందక్కా" అంది. అది నాకు తెలుసు. పడమటి గోడకి ఎరుపు వేయించుకుంటామని వచ్చినవాళ్ళకి నేను చెప్పేదీ అదే. నంబరు రాసిన చీటీ ఇస్తే, తెచ్చి ఇంట్లో అద్దానికి అంటించాను.

కొట్టు ముందునుంచే ఇంటికి వెళ్ళాను. కావాలనే నెమ్మదిగా నడిచాను. ఎండ సరిగ్గా నా నెత్తిమీద పడుతోంది. మా ఆయన కౌంటరు వెనకనుంచి తలెత్తి చూశారు. చూసి, "పాలు తెచ్చావా?" అన్నారు.

సరే, పనిలో ఉన్నారు కదా అనుకున్నాను. మర్నాడు పాలకి వెళితే, పోసేవాడు నన్ను చూసి కొలతకి పైన ఇంకో గరిటె పోశాడు. ఎదురింటావిడ గేటు దగ్గర నిలబెట్టి నంబరు అడిగింది. మా ఆడపడుచు ఫోన్లో, అదీ పగిలిన తెరలో చూసి, "వదినా! ఏం చేశావు జుట్టుకి? ఎంత బాగుందో!" అని అరిచింది. కట్టుకున్న మనిషికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. పన్నెండు వందల రంగులు అమ్మే మనిషి! దీపం కింద చీకటంటే ఇదే.

అడగొచ్చు కదా అంటారేమో. అడిగి చెప్పించుకుంటే అది మెచ్చుకోలు ఎలా అవుతుంది? ఆయనంతట ఆయన చూడాలి, ఆయన నోటితో బాగుందనాలి. అంతే నాకు కావలసింది. చన్నీళ్ళకి వణుకుతూ, మండుటెండలో తలకి గుడ్డ కట్టుకుని చెమటలు కక్కుతూ ఆ ఎరుపుని పన్నెండు రోజులు కాపాడాను. ఎవరికోసం? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

ఈలోగా తల తుడుచుకున్న తువ్వాలూ ఆయన బనీన్లూ ఒకే బకెట్లో నానబెట్టాను. బనీన్లన్నీ గులాబీ రంగుకి తిరిగాయి. ఇప్పుడైనా అరుస్తారు, ఆ అరుపులో నా జుట్టు సంగతి బయటికొస్తుందని ఎదురుచూశాను. ఆ మహానుభావుడు నిమ్మకు నీరెత్తినట్టు గులాబీ బనీను తొడుక్కుని రెండ్రోజులు కొట్లో కూర్చున్నారు. వచ్చినవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. మూడో రోజు పొద్దున టీ ఇస్తూ, గోడతో చెబుతున్నట్టు అన్నాను.

"గుడ్డికన్ను మూసినా ఒకటే, తెరిచినా ఒకటే."

కప్పు ఆయన నోటిదాకా వెళ్ళి ఆగింది. దాన్ని బల్ల మీద పెట్టి కిందికి దిగిపోయారు. తగలాల్సిన చోట తగిలిందని సంతోషించాను. ఆ సంతోషం తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆరోజు నుంచి సమ్మె మొదలుపెట్టాను. నన్ను చూడని మనిషి డబ్బాలు నేనెందుకు చూడాలి?

"ఒకసారి వచ్చి చూడు" అని కింద నుంచి కేక.

"మోకాలు నొప్పి. దిగలేను."

"డబ్బా పైకి తేనా?"

"కళ్ళు కూడా మండుతున్నాయి."

ఆ మధ్యాహ్నం కొట్టు ముందు 'మిషను పనిచేయడం లేదు' అని బోర్డు పెట్టారు. మిషను గడగడా తిరగడం పైన నాకు వినిపిస్తూనే ఉంది. నాలుగు రోజులు వచ్చినవాళ్ళని వచ్చినట్టు తిప్పి పంపేశారు. పంపకూడని ఆర్డర్లు రెండున్నాయి. ఒకటి పళ్ళ డాక్టరుగారి ఆస్పత్రికి లేత ఆకుపచ్చ, రెండోది పక్కనే ఉన్న బేకరీకి లేత గులాబీ. ఇద్దరికీ మేస్త్రి ఒక్కడే. శనివారం డబ్బాలు వెళ్ళాయి.

సోమవారం పొద్దున కింద పెద్ద గొడవ. మెట్ల మీదికి వచ్చి చూశాను. పళ్ళ డాక్టరు ఊగిపోతున్నాడు.

"తాళాలిచ్చి వెళ్ళి, ఈరోజు వచ్చి తలుపు తీస్తే గోడలన్నీ చిగుళ్ళ రంగండీ! మొదటి పేషెంటు లోపలికి రాగానే, ఎవరి నోట్లోకో వచ్చినట్టుంది డాక్టరుగారూ అన్నాడు!"

"మీకు నయమే" అంది బేకరీ ఆవిడ. "నా గోడలు చూసి రొట్టెకి బూజు పట్టిందా అని అడిగి వెళ్ళిపోతున్నారు."

మేస్త్రి మాత్రం నిదానంగా ఉన్నాడు. "డబ్బా మీద ఎవరి పేరుంటే వాళ్ళ గోడకి వేశాను. రంగు బాగుందా లేదా అని నేను ఆలోచించను. ఆలోచిస్తే ఈ పని చెయ్యలేను." మిగిలిన రెండు డబ్బాలూ మూతలు తీసి కౌంటరు మీద పెట్టాడు.

"చూడండి, మీరే చూడండి" అన్నాడు డాక్టరు మా ఆయనతో. "ఈ రెండిట్లో నేనడిగింది ఏది?"

మా ఆయన చెయ్యి ఎడమ డబ్బా వైపు వెళ్ళింది. ఆగింది. కుడి డబ్బా వైపు వెళ్ళింది. మళ్ళీ ఆగింది. చిన్నపిల్లలు కూడా చెప్పగల సంగతి. ఆయన తలెత్తి మెట్ల మీదున్న నా వైపు చూశారు.

ఆ చూపు నేను ఇరవై ఆరేళ్ళుగా రోజూ చూస్తున్నదే. మూత మీద చుక్క పెట్టి, నేను సరే అనేదాకా నా మొహంలోకి చూసే చూపు. ఇన్నాళ్ళూ దాన్ని గౌరవం అనుకున్నాను. అది నా కళ్ళ మీద ఆధారపడటం. గులాబీ బనీను గుర్తొచ్చింది. నేనన్న సామెత గుర్తొచ్చింది. మోకాలి నొప్పి సంగతి మరిచిపోయి గబగబా దిగాను.

"కుడి పక్కది మీది డాక్టరుగారూ, ఎడమది ఆవిడది. చీటీలు నేనే తారుమారు చేశాను. తలనొప్పిలో చూసుకోలేదు. రేపటికల్లా మా మేస్త్రి చేతే మళ్ళీ వేయిస్తాం. తప్పు నాది."

డాక్టరు ఇంకో నాలుగు మాటలు అనడానికి నోరు తెరిచి, నా నెత్తి వైపు చూశాడు. "మీ జుట్టు రంగు బాగుందమ్మా" అని విసుగ్గా అనేసి వెళ్ళిపోయాడు. ఒళ్ళు మండిపోతున్న మనిషికి కూడా కనిపించింది చూడండి.

అందరూ వెళ్ళాక షట్టరు సగం దించాను.

"ఎప్పట్నించి?" అన్నాను.

"పుట్టినప్పట్నించి." ఆయన స్టూలు మీద కూర్చుని సుత్తి చేతిలో తిప్పుతున్నారు. "ముదురు, లేత తెలుస్తాయి. పసుపు, నీలం తెలుస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి. బళ్ళో చెట్టు బొమ్మ వెయ్యమంటే మానుకి ఆకుపచ్చ, ఆకులకి మట్టిరంగు వేశాను. క్లాసంతా నవ్వింది. ఎందుకు నవ్వుతున్నారో నాకు అర్థం కాలేదు."

"మరి ఈ కొట్టెలా నడిపారు?"

"నాన్న ఇచ్చారు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి కదా. నంబర్లున్నాయి, చాలనుకున్నాను. మొదటి ఏడాది తిట్లు తింటూనే ఉన్నాను. తర్వాత నువ్వొచ్చావు. వచ్చిన వారానికే డబ్బాలోకి తొంగి చూసి, ఇందులో ఎరుపు ఎక్కువైంది అన్నావు. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది."

"నాతో ఒక్క మాట చెప్పుంటే ఏం పోయేది?"

"ఒకసారి చెబుదామనే మెట్లెక్కాను. నువ్వు మా చెల్లితో ఫోన్లో, మీ అన్నయ్య నా మాట లేకుండా మూత కూడా వెయ్యరు అని చెబుతున్నావు. అంత సంతోషంగా చెబుతుంటే, దిగొచ్చేశాను."

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోడానికి ఏదో ఒకటి అడగాలి కాబట్టి, "మరి ఆ బనీను?" అన్నాను.

"బనీనుకేమైంది?" అని ఆయన కిందికి చూసుకున్నారు.

ఇక ఏడవడం నావల్ల కాలేదు. చెప్పాను. ఆయన బనీను పట్టుకుని, ఇన్ని రోజులుగా కొట్టుకొచ్చిన వాళ్ళందరినీ ఒక్కొక్కరినీ గుర్తుచేసుకుంటున్నట్టు మొహం పెట్టారు. ఇద్దరం కౌంటరు పట్టుకుని నవ్వాం.

నవ్వు తగ్గాక అడిగాను. అడగనని పంతం పట్టిన మాటే. "నా జుట్టు?"

"వేసుకున్న రోజే చూశాను. పాపిడిలో తెల్లగీత పోయింది. ఏదో రంగు వేశావని తెలిసింది, ఏం రంగో తెలీలేదు. అద్దం మీద చీటీ చదివాను. నాలుగు పాయింటు అయిదు. కానీ నంబరు చూసి ఏం చెప్పను?"

"బాగుందని చెప్పొచ్చుగా!"

"బాగుందంటే నువ్వు ఆగుతావా? ఏం బాగుంది, పాతదానికీ దీనికీ తేడా ఏంటి, ఎండలో బాగుందా నీడలో బాగుందా అంటావు. నా దగ్గర జవాబేదీ?"

నిజమే, ఆగను.

ఆరువారాలు గడిచాయి. పార్లరుకి వెళ్ళాలనుకుంటుండగా మా ఆయనే అన్నారు, "ఎడమ చెవి పైన తెలుపు వచ్చింది, బియ్యపు గింజంత." అద్దంలో నాకు కనపడనే లేదు. ఎరుపు తెలియని ఆ కళ్ళకి తెలుపు మాత్రం మహా పట్టింపు. అందుకని ఇప్పుడు నా జుట్టు పని ఆయనదే. ఆదివారం మధ్యాహ్నం నన్ను కొట్టు స్టూలు మీద కూర్చోబెట్టి, గోడల అంచులకి వేసే టేపు నా చెవుల చుట్టూ అంటించి, కొత్త అంగుళం బ్రష్షుతో కుదుళ్ళ వరకే వేస్తారు. "కిందకి తేకూడదు. ఉన్నదాని మీద మళ్ళీ కోటింగ్ పడితే ముదురైపోతుంది" అని నాకే పాఠం చెబుతారు. పార్లరమ్మాయి చూడటానికి వచ్చి, ఆ టేపు చూసి గుండె పట్టుకుంది గానీ, పాపిడి చూశాక బాగుందని ఒప్పుకుంది.

మొన్న వెయ్యబోయే ముందు ఆయన గిన్నెలోంచి చుక్క తీసి, డబ్బా మూత మీద పెట్టి నా ముందుకు జరిపారు.

"అసలు ఎలా ఉంటుంది ఇది?"

ఎలా చెప్పను? చింతగింజ అంటే ఆయనకి చింతగింజ కూడా నల్లగానే కనిపిస్తుంది. టేకు తలుపన్నా అంతే. పన్నెండు వందల రంగులకి పేర్లు చెప్పి అమ్మినదాన్ని, ఒక్క మాట దొరకలేదు.

"వేసుకున్న రోజు పార్లరునుంచి ఇంటికి నేను ఎలా నడిచొచ్చానో గుర్తుందా?" అన్నాను.

"గుర్తుంది. పెళ్ళికూతురు నడిచినట్టు నడిచావు. పాలు తేవడం మర్చిపోయావు."

"ఆ నడకలా ఉంటుంది."

ఆయన ఆ చుక్క వైపు చాలాసేపు చూశారు. "అయితే బాగుంది" అన్నారు.

ఏం బాగుందని నేను అడగలేదు. ఆయన రంగు వేయడం ముగించి, ప్లాస్టిక్ టోపీ రెండు చేతుల్తో విప్పి పట్టుకుని నా మొహంలోకి చూశారు.

"మూత పెట్టెయ్యనా?"

"పెట్టెయ్యండి" అన్నాను.